రోబో చేతికి గాలి బలం: ఇంట్లో న్యూమాటిక్ వ్యవస్థ అమర్చుకునే విధానం

మోటారుతో నడిచే రోబో చేయి ఒక బరువును ఎత్తి అలాగే పట్టుకుని ఉండాలంటే, చేయి కదలకపోయినా మోటారు కరెంటు లాగుతూనే ఉంటుంది. కాసేపటికి అది ముట్టుకోలేనంత వేడెక్కుతుంది, చవకరకం గేర్‌బాక్సు అయితే పళ్లు కూడా రాలిపోతాయి. అదే చోట గాలి సిలిండర్ (లోపలి పిస్టన్‌ను గాలి తోస్తే రాడ్డు బయటికి వచ్చే గొట్టం) బిగిస్తే, లోపల పీడనం ఉన్నంతసేపు అది బరువును నిశ్చింతగా మోస్తుంది. దానికయ్యే విద్యుత్తు గాలి దారిని మార్చే వాల్వులోని కాయిల్ తీసుకునే రెండు మూడు వాట్లు మాత్రమే. పట్టుకోవడం, ఎత్తడం, తోయడం, విసరడం వంటి పనులకు గాలిని మించిన సులువైన సాధనం అభిరుచి కోసం రోబోలు చేసుకునేవారికి మరొకటి కనిపించదు. అయితే చేతిని దారి మధ్యలో ఫలానా చోట కచ్చితంగా ఆపవలసి ఉంటే గాలి జోలికి పోకుండా, చెప్పిన కోణం దగ్గర ఆగే సర్వో మోటారు వాడుకోవడమే మంచిది. గాలి నలుగుతుంది, మళ్లీ సాగుతుంది. మధ్యలో నిలబడడం దానికి చేతకాదు.

మన ఇంజనీరింగ్ విద్యార్థులకు బాగా తెలిసిన ఏబీయూ (ఆసియా-పసిఫిక్ ప్రసార సంస్థల సమాఖ్య) రోబోకాన్ అనే రోబో పోటీలు 2002లో టోక్యోలో మొదలయ్యాయి. 2008లోనూ 2014లోనూ పుణె వాటికి ఆతిథ్యం ఇచ్చింది. ఆ పోటీల నిబంధనల్లో గాలి పీడనం 6 బార్లు దాటకూడదన్న షరతు కనిపిస్తుంది. ఇంట్లో చేసుకునేవారు కూడా దానినే పైహద్దుగా పెట్టుకోవాలని నా సూచన. కారు టైరులో గాలి సుమారు 32 పీఎస్‌ఐ, అంటే 2.2 బార్లు ఉంటుందని గుర్తుంచుకుంటే 6 బార్లు ఎంతటిదో అంచనా దొరుకుతుంది.

మొదటిసారి ఈ పనికి దిగినప్పుడు నేను ముందుగా టైర్లకు గాలి కొట్టే చిన్న పంపు కొన్నాను, తర్వాత ఒక సీసాను ట్యాంకుగా మార్చాను, ఆఖరున చవకగా దొరికిన సిలిండర్ తెచ్చి చేతికి బిగించాను. చేయి మూడుసార్లు దర్జాగా లేచింది, నాలుగోసారి సగంలో ఆగింది, ఐదోసారి కదలనే లేదు. ఏ ఒక్క భాగంలోనూ లోపం లేదు. నేను లెక్కను తలకిందులుగా మొదలుపెట్టాను, అంతే. ఎత్తవలసిన బరువుతో మొదలుపెట్టి, సిలిండర్, ట్యాంకు, పంపు అనే వరుసలో వెనక్కి రావాలి. ఈ వ్యాసం కూడా ఆ వరుసలోనే సాగుతుంది.

బరువు నుంచి సిలిండర్‌కు

ఒక నిజమైన చేతిని తీసుకుందాం. పొడవు 40 సెం.మీ., కొసన ఎత్తవలసిన బరువు 2 కిలోలు, చేయి సొంత బరువు అర కిలో. సిలిండర్ రాడ్డును కీలుకు 8 సెం.మీ. దూరంలో తగిలిస్తున్నాం. కొసన ఉన్న 2 కిలోలు కీలుకు 40 సెం.మీ. దూరంలో ఉన్నాయి కాబట్టి, 8 సెం.మీ. దగ్గర తోసేవాడికి అవి 10 కిలోలుగా అనిపిస్తాయి. చేయి సొంత బరువు మధ్యలో ఉన్నట్టు లెక్క కడితే మరో కిలోంపావు చేరుతుంది. మొత్తం 11.25 కిలోలు. ఇది సిలిండర్ చేతికి సరిగ్గా లంబంగా ఉన్నప్పటి సంగతి. చేయి 60 డిగ్రీలు తిరుగుతుందనుకుని, మధ్య స్థానంలో సిలిండర్ లంబంగా ఉండేలా అమర్చినా, రెండు కొసల దగ్గర కోణం 60 డిగ్రీలకు తగ్గుతుంది. అక్కడ కావలసిన బలం 11.25ను 0.866తో భాగించినంత, అంటే 13 కిలోలు అవుతుంది.

సిలిండర్ ఇచ్చే బలం దాని లోపలి వైశాల్యాన్ని పీడనంతో గుణించినంత. ఒక బార్ అంటే చదరపు సెంటీమీటరు మీద దాదాపు ఒక కిలో బరువు కాబట్టి నోటి లెక్క సరిపోతుంది. లోపలి వ్యాసం, అంటే బోర్, 20 మి.మీ. ఉన్న సిలిండర్ వైశాల్యం 3.14 చ.సెం.మీ.; 4 బార్ల దగ్గర అది సుమారు 12.8 కిలోల బలం ఇస్తుంది. మనకు కావలసింది 13. కాగితం మీదే ఓడిపోయింది కాబట్టి దానిని పక్కన పెట్టాలి. బోర్ 25 మి.మీ. అయితే వైశాల్యం 4.91 చ.సెం.మీ., బలం 20 కిలోలు. లోపలి సీళ్ల రాపిడి కొంత తినేస్తుంది, బరువును కదిలించి వేగం అందించడానికి మరికొంత పోతుంది. అందువల్ల కావలసిన బలం సిలిండర్ శక్తిలో మూడింట రెండు వంతులు మించకుండా చూసుకోవడం ఆనవాయితీ. 20లో 13 అంటే సరిగ్గా ఆ హద్దులోనే ఉంది.

ఇక స్ట్రోక్, అంటే రాడ్డు ఎంత దూరం బయటికి రావాలన్నది. 8 సెం.మీ. వ్యాసార్థంతో 60 డిగ్రీలు తిరిగే బిందువు ఒక కొస నుంచి మరో కొసకు తిన్నగా కొలిస్తే 8 సెం.మీ. జరుగుతుంది. 80 మి.మీ. స్ట్రోక్ బజారులో మామూలుగా దొరికే కొలతే. 25, 50, 80, 100 మి.మీ. వంటి కొలతలకు తగ్గట్టు కీలు స్థానాన్ని కొంచెం జరుపుకుంటే ప్రత్యేకంగా చేయించుకునే ఖర్చు తప్పుతుంది. చిన్న గుండ్రటి సిలిండర్లు ఐఎస్ఓ 6432 ప్రమాణం ప్రకారం వస్తాయి. ఆ రకంలో 25 మి.మీ. బోర్‌కు రాడ్డు మందం 10 మి.మీ., గాలి వెళ్లే రంధ్రాల మర 1/8 అంగుళం. హైదరాబాదు వైపు వారికి సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనూ, విజయవాడ వారికి ఆటోనగర్‌లోనూ ఇటువంటి సామాన్లు వెతుక్కోవచ్చు. పాత సిలిండర్ కొనేటట్టయితే రాడ్డును కిటికీ వెలుగులో తిప్పి చూడాలి. గీత కనిపిస్తే వదిలేయాలి. ఆ గీత ముందున్న సీలును రోజుకింత కోసేస్తుంది.

చిన్న పిల్లలతో చేసే నమూనాకు ఇంత అవసరం లేదు. సూది తీసేసిన ప్లాస్టిక్ సిరంజీలు, వాటిని కలిపే సన్నటి ట్యూబు, చేత్తో నొక్కే మరో సిరంజీ చాలు. కాని సిరంజీకి పంపు తగిలించరాదు. అది మందు ఎక్కించడానికి చేసిన వస్తువు. పీడనం పెరిగితే పిస్టన్ వెనక నుంచి తూటాలా బయటికి వస్తుంది.

ఒక్కో ఎత్తుకు ఎంత గాలి

ఎంచుకున్న సిలిండర్ లోపలి ఘనపరిమాణం 4.91ని 8తో గుణిస్తే 39 ఘ.సెం.మీ. వస్తుంది. రాడ్డు వెనక్కి వచ్చేటప్పుడు రాడ్డు ఆక్రమించిన చోటు పోను 33. అంటే ఎత్తి దించడానికి కలిపి 72. ఇది 4 బార్ల గేజీ పీడనంలో, అంటే వాతావరణ పీడనం మీద అదనంగా 4 బార్లతో ఉన్న గాలి. వాతావరణ పీడనం కూడా కలిపితే 5 బార్లు కాబట్టి, ఒకసారి ఎత్తి దించడానికి మామూలు గాలి 360 ఘ.సెం.మీ. ఖర్చవుతుంది. వాల్వుకు, సిలిండర్‌కు మధ్యనున్న ట్యూబును కూడా ప్రతిసారీ నింపి ఖాళీ చేయాలి. బయటి వ్యాసం 6, లోపలి వ్యాసం 4 మి.మీ. ఉన్న పాలీయురెథేన్ ట్యూబు మీటరుకు 12.6 ఘ.సెం.మీ. పడుతుంది, చెరో 30 సెం.మీ. పెడితే మరో 30 ఘ.సెం.మీ. గాలి వృథా. మొత్తం 390. వాల్వును రోబో అడుగున బ్యాటరీ పక్కన పెట్టి సిలిండర్ దాకా మీటరు ట్యూబు లాగేవారు పోగొట్టుకునేది ఈ లెక్కలోనే ఉంది.

ఇప్పుడు 2 లీటర్ల ట్యాంకును 6 బార్లకు నింపామనుకుందాం. చేతికి 4 బార్లు కావాలి కాబట్టి ట్యాంకు పీడనం 6 నుంచి 4కు దిగేవరకే ఆ గాలి పనికివస్తుంది. రెండు బార్లను రెండు లీటర్లతో గుణిస్తే 4 లీటర్లు, అంటే 4,000 ఘ.సెం.మీ. దానిని 390తో భాగిస్తే పదిసార్లు. ట్యాంకులో ఇంకా 4 బార్ల గాలి మిగిలి ఉన్నా పదకొండోసారి చేయి నీరసపడుతుంది. నా మొదటి రోబో మూడుసార్లకే ఎందుకు అలిసిపోయిందో ఈ భాగహారం చేశాకనే నాకు తెలిసింది.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. ఎత్తడానికి గాలి కావాలి సరే, దించడానికి ఎందుకు? చేయి తన బరువుతోనే దిగుతుంది కదా. రాడ్డు వైపు గాలి ఇవ్వడం మానేస్తే ఒక్కో ఎత్తుకు ఖర్చు 39ని 5తో గుణించినంత, దానికి ఒక ట్యూబు వృథా కలిపి సుమారు 210 ఘ.సెం.మీ.కు తగ్గుతుంది. అదే ట్యాంకుతో పంతొమ్మిదిసార్లు ఎత్తవచ్చు. పెద్ద ట్యాంకు కోసం వెతికే ముందు ఈ మార్పు చేసి చూడడం లాభం. పట్టకారు వంటి వాటిలో రెండు వైపులా బలం తప్పనిసరి అయినప్పుడు మాత్రమే రెండు వైపులా గాలి ఇవ్వాలి.

ట్యాంకు: తొందరపడకూడని చోటు

2 లీటర్ల ట్యాంకులో 6 బార్ల గాలి అంటే చిన్న విషయంలా కనిపిస్తుంది. అది ఒక్కసారిగా పగిలితే వెలువడే శక్తి 900 జౌళ్ల పైమాటే. 10 కిలోల బియ్యం సంచి మూడంతస్తుల ఎత్తు నుంచి కిందపడినప్పుడు ఉండే శక్తి అది. ఈ సంగతి మనసులో పెట్టుకుని ట్యాంకు ఎంచుకోవాలి.

నీళ్ల గొట్టాలకు వాడే పీవీసీ పైపుకు రెండు వైపులా మూతలు అతికించి ట్యాంకు చేయడం చాలామందికి తట్టే ఆలోచన. ఆ పైపు మీద ముద్రించిన పీడనం నీళ్లకు సంబంధించినది. నీరు దాదాపు నలగదు కాబట్టి పైపు చిట్లితే పీడనం అక్కడికక్కడే పడిపోతుంది. గాలి అలా కాదు, నలిగి ఉన్నదంతా ఒక్కసారి విచ్చుకుంటుంది. పీవీసీ పెళుసుగా విరిగి పదునైన ముక్కలై ఎగురుతుంది. ఎండకు పాతబడినా, చలికి బిగిసినా ఇంకా పెళుసవుతుంది. ఆ ఆలోచనను పూర్తిగా వదిలేయాలి.

రెండో దారి శీతల పానీయాల సీసా. పోటీలకు వెళ్లే జట్లు వీటిని విరివిగా వాడుతుంటాయి. గ్యాసు ఉన్న పానీయాల సీసాలు మాత్రమే పీడనాన్ని తట్టుకునేలా తయారవుతాయి. అడుగున ఐదు కాళ్ల పువ్వులాంటి ఆకారం వాటికి గుర్తు. మంచినీళ్ల సీసా ఇందుకు పనికిరాదు. సీసా కొత్తదై ఉండాలి, మీద గీతలు, నొక్కులు, తెల్లబారిన మడతలు ఉండకూడదు, వేడినీళ్లతో కడిగినది కాకూడదు, ఎండలో నిలిపిన వాహనంలో ఉంచకూడదు. ఇన్ని షరతులు పాటించినా నేను సీసాలో 4 బార్లు దాటనివ్వను. దానికి మందపాటి గుడ్డ తొడుగు కుట్టించి, కొన్ని నెలలకొకసారి మారుస్తాను. పై లెక్కలో 6 బార్లు కావాలన్నాం కాబట్టి మన చేతికి సీసా చాలదు.

అందువల్ల నా ఓటు లోహపు ట్యాంకుకే. న్యూమాటిక్ సామాన్లు అమ్మేచోట 10 బార్లకు తగిన చిన్న ట్యాంకులు దొరుకుతాయి. కొనడం కుదరకపోతే గడువు తీరి పక్కన పడేసిన రెండు కిలోల పొడి రకం అగ్నిమాపక సిలిండర్ ఒకటి సంపాదించవచ్చు. అది సుమారు 15 బార్ల దగ్గర నిలవ ఉంచడానికి చేసినది. దానిలోని గ్యాసు, పొడి పూర్తిగా పోయాయని, గేజీ ముల్లు సున్నాలో ఉందని నిర్ధారించుకున్నాకే తల విప్పాలి. లోపల కడిగి, ఆరబెట్టి, టార్చి వేసి తుప్పు ఉందేమో చూడాలి. తుప్పు పొలుసులు కనిపిస్తే దానిని పాత ఇనుముకు అమ్మేయడమే మేలు. ఒంటికి రంధ్రం వేయడం గానీ వెల్డింగు చేయించడం గానీ కూడదు. మెడ దగ్గర ఉన్న మరకు సరిపడే ఇత్తడి అడాప్టర్‌ను లేత్ పని చేసేచోట తిప్పించుకుంటే, దానికే గేజీ, పీడనం హద్దు దాటితే తానే తెరుచుకునే సేఫ్టీ వాల్వు, గాలి వచ్చే దారి, పోయే దారి అన్నీ అమర్చుకోవచ్చు.

ఏ ట్యాంకు అయినా వాడే ముందు నీటి పరీక్ష తప్పనిసరి. ట్యాంకును అంచు దాకా నీళ్లతో నింపి, లోపల గాలి బుడగ మిగలకుండా అటూ ఇటూ వంచి తట్టి, అప్పుడు సైకిల్ పంపుతో పీడనం ఎక్కించాలి. వాడబోయే పీడనానికి ఒకటిన్నర రెట్లు, అంటే 6 బార్ల ట్యాంకుకు 9 బార్లు ఎక్కించి పది నిమిషాలు వదిలేయాలి. ఈ పరీక్షప్పుడు సేఫ్టీ వాల్వు తీసి ఆ రంధ్రానికి బిరడా బిగించుకోవాలి, తర్వాత మరవకుండా తిరిగి పెట్టాలి. లోపల ఉన్నది నీరు కాబట్టి ట్యాంకు ఓడిపోయినా చిమ్మి తడుస్తాం, అంతే. రెండు మూడు దెబ్బలకే గేజీ ముల్లు పరుగెత్తాలి. పది దెబ్బలు కొట్టినా ముల్లు నెమ్మదిగా లేస్తుంటే లోపల గాలి మిగిలిందని అర్థం, ఆపి మళ్లీ నింపాలి.

గాలి నింపడం

పంపును రోబో మీద మోయించవలసిన అవసరం లేదు. 2 లీటర్ల ట్యాంకును 6 బార్లకు నింపడానికి 12 లీటర్ల మామూలు గాలి చాలు. లోపలి వ్యాసం 3 సెం.మీ., పొడవు 45 సెం.మీ. ఉన్న నిలువు సైకిల్ పంపు ఒక్కో దెబ్బకు దాదాపు 300 ఘ.సెం.మీ. ఇస్తుంది కాబట్టి 40 నుంచి 50 దెబ్బల్లో పని అయిపోతుంది. చివరి పది దెబ్బలకు మాత్రం నడుము వంచి బరువంతా వేయాలి. ట్యాంకు అడాప్టర్‌లో మోటారు సైకిల్ ట్యూబుకు ఉండే వాల్వును బిగిస్తే అదే గాలిని వెనక్కి రానివ్వని తలుపుగా పనిచేస్తుంది, పంచర్ షాపులో కూడా నింపించుకోవచ్చు. కారు సిగరెట్ లైటర్‌కు తగిలించే 12 వోల్టుల పంపు కూడా మంచిదే. దానిని ఏకబిగిన పది నిమిషాలకు మించి నడపకుండా చల్లారనివ్వాలి.

పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో చేసుకునే పంపు చప్పుడు లేకుండా నడుస్తుంది, కాని దాని చుట్టూ మూడు ప్రమాదాలున్నాయి. ఈ మధ్యకాలపు ఫ్రిజ్‌లలో చాలావరకు ఆర్-600ఎ అనే మండే వాయువు ఉంటుంది కాబట్టి దాని గొట్టాన్ని ఇంట్లో కోయకూడదు; ఫ్రిజ్ మెకానిక్‌తో వాయువు తీయించాలి. అది 230 వోల్టుల యంత్రం. అన్నిటికీ మించి, 6 బార్ల దగ్గర ఆగడం దానికి తెలియదు. ఆపేవారు లేకపోతే అంతకు ఎన్నో రెట్ల దాకా నెడుతూ పోతుంది. ప్రెషర్ స్విచ్చి, సేఫ్టీ వాల్వు రెండూ లేకుండా దానిని ట్యాంకుకు కలపకూడదు.

వరుసగా బిగించడం

ట్యాంకు మీద గేజీ, 7 బార్లకు మించని సేఫ్టీ వాల్వు ఉండాలి. ట్యాంకుకు, సేఫ్టీ వాల్వుకు మధ్య ఏ కుళాయీ ఉండరాదు. ట్యాంకు నుంచి బయటికి వచ్చిన గాలి ముందుగా చేత్తో జరిపే స్లైడ్ వాల్వు గుండా వెళ్లాలి. దీనిని ఒకవైపు జరిపితే గాలి లోపలికి వెళ్తుంది, రెండోవైపు జరిపితే ట్యాంకు మూసుకుపోయి, రోబో వైపు ఉన్న గాలంతా బయటికి పోతుంది. మామూలు బాల్ కుళాయి ట్యాంకును మూస్తుంది గాని అవతలి గాలిని వదలదు. అందుకే అది ఈ చోటుకు పనికిరాదు. దాని తర్వాత పీడనాన్ని తగ్గించి నిలకడగా ఉంచే రెగ్యులేటర్‌ను 4 బార్లకు సరిచేసి పెట్టాలి, ఆ తర్వాత కరెంటుతో తెరుచుకునే సోలినాయిడ్ వాల్వు, ఆఖరున సిలిండర్.

మర ఉన్న ప్రతి ఫిట్టింగుకూ టెఫ్లాన్ టేపు మూడు నాలుగు చుట్లు, మర తిరిగే దిశలోనే చుట్టాలి. మొదటి ఒకటి రెండు మరలను ఖాళీగా వదలాలి. అక్కడ చుట్టిన టేపు తునక ఊడి లోపలికి పోయి వాల్వులో ఇరుక్కుంటుంది. నొక్కితే పట్టుకునే ఫిట్టింగుల్లోకి ట్యూబు దూర్చే ముందు దాని కొసను కొత్త బ్లేడుతో నిటారుగా కోయాలి. కత్తెరతో కోస్తే కొస నొక్కుకుపోయి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, అక్కడి నుంచి గాలి సన్నగా ఈల వేస్తుంది. ట్యూబును లోపలికి తోసినప్పుడు మొదట ఒక చిన్న అడ్డు తగులుతుంది. చాలామంది అక్కడే ఆపేస్తారు. ఇంకొంచెం గట్టిగా తోస్తే మరి కొన్ని మిల్లీమీటర్లు దిగి అడుగుకు తాకుతుంది. అప్పుడే లోపలి రబ్బరు రింగు దానిని పట్టినట్టు.

సిలిండర్‌ను చట్రానికి నాలుగు బోల్టులతో కదలకుండా బిగించడం ఈ చేతికి తగదు. రాడ్డు కొస వృత్తాకారంలో తిరుగుతుంది కాబట్టి సిలిండర్ వెనక కొస కూడా ఒక పిన్ను మీద ఊగాలి. ఊగనివ్వకపోతే రాడ్డు మీద పక్కబలం పడి ముందున్న బుష్షు ఒకవైపే అరుగుతుంది. గాలి లేకుండా చేయిని చేత్తో పైకీ కిందికీ ఆడించినప్పుడు ఎక్కడా పట్టేయకుండా జారాలి. చేయి ఆగవలసిన చోట్ల చట్రం మీద రబ్బరు దిమ్మలు పెట్టాలి. పిస్టన్ వెళ్లి సిలిండర్ మూతకు కొట్టుకోవడమే ఆగడం అనుకుంటే ఆ సిలిండర్ ఎక్కువ కాలం మన్నదు.

వాల్వు, వైర్లు

సులువుగా దొరికేది ఐదు రంధ్రాల, రెండు స్థానాల సోలినాయిడ్ వాల్వు. ఎయిర్‌టాక్ వారి 4వి210-08 వంటివి ఈ జాతివి. చివరి 08 అంటే పావు అంగుళం మర అని. వాటి ఒంటి మీద అంకెలు ఉంటాయి. 1 గాలి వచ్చే దారి, 2, 4 సిలిండర్‌కు వెళ్లే దారులు, 3, 5 బయటికి వదిలేవి. కాయిల్‌కు కరెంటు లేనప్పుడు 1 నుంచి 2కు గాలి వెళ్తుంది. కరెంటు ఇస్తే 1 నుంచి 4కు. మనం దించడానికి గాలి వాడడం లేదు కాబట్టి 4ను సిలిండర్ వెనక రంధ్రానికి కలిపి, 2కు బిరడా బిగించాలి. అప్పుడు కరెంటు ఇస్తే చేయి లేస్తుంది, కరెంటు పోతే దిగుతుంది. కరెంటు పోయినా ఎత్తినది ఎత్తినట్టే ఉండాలనుకుంటే 2, 4లను తారుమారు చేయాలి. చుట్టూ పిల్లలు ఉండే చోట నెమ్మదిగా దిగే చేయే మేలని నా అభిప్రాయం.

కొత్తవారిని వేధించే తిప్పలు ఒకటి ఈ వాల్వులోనే ఉంది. నేను భయంతో మొదటి పరీక్ష 1 బార్ దగ్గర చేశాను. కాయిల్ టిక్కుమని చప్పుడు చేస్తోంది, దీపం వెలుగుతోంది, చేయి మాత్రం కదలదు. వైర్లు మూడుసార్లు మార్చాను, కాయిల్ పోయిందనుకుని దుకాణానికి వెళ్లి గొడవ కూడా పడ్డాను. అసలు సంగతేమిటంటే ఈ వాల్వుల్లో కాయిల్ ఒక చిన్న దారిని మాత్రమే తెరుస్తుంది; లోపలి పెద్ద స్పూలును (దారులు మార్చే జారుడు కడ్డీని) జరిపేది ఆ దారిగుండా వచ్చే గాలే. దానికి కనీసం 1.5 బార్ల పీడనం ఉండాలని వాల్వు మీదే రాసి ఉంటుంది. కాబట్టి తొలి పరీక్షను 2 బార్ల దగ్గర చేయాలి.

కాయిల్ సుమారు 3 వాట్లు తీసుకుంటుంది, 12 వోల్టుల రకమైతే పావు ఆంపియర్. ఆర్డువినో (ప్రోగ్రాముతో నడిచే చిన్న కంట్రోలర్ బోర్డు) కాలు ఇవ్వగలిగింది అందులో చిన్న భాగం మాత్రమే కనుక మధ్యలో స్విచ్చిలా పనిచేసే ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ వంటి మాస్‌ఫెట్ పెట్టాలి. కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడు, దాని వెండి గీత ఉన్న వైపు ప్లస్‌కు వచ్చేలా అతికించాలి. లేకపోతే కాయిల్ ఆగిన ప్రతిసారీ పుట్టే ఎదురు వోల్టేజీ మాస్‌ఫెట్‌ను కాల్చేస్తుంది. దాని గేటుకు (ఆర్డువినో కాలు కలిసే కొసకు), గ్రౌండుకు మధ్య 10 కిలో ఓముల రెసిస్టరు పెట్టడం మరిచిపోరాదు. అది లేనప్పుడు ఆర్డువినో కొత్తగా మొదలయ్యే ఆ క్షణంలో గేటు ఎటూ కాకుండా ఉండి, ఎవరూ అడగకుండానే చేయి పైకి లేవవచ్చు. ఆ సమయానికి మీ ముఖం దాని మీద వంగి ఉండే అవకాశమే ఎక్కువ.

మొదటిసారి గాలి వదలడం

కళ్లద్దాలు పెట్టుకున్నాకే స్లైడ్ వాల్వు జరపాలి. రెగ్యులేటర్ 2 బార్ల దగ్గర ఉండాలి, చేతి కొసన బరువు ఉండకూడదు. వైర్లు కలిపే ముందు, వాల్వు పక్కనున్న చిన్న బొత్తాన్ని స్క్రూడ్రైవరుతో నొక్కితే కాయిల్ లేకుండానే వాల్వు పనిచేస్తుంది. చేయి లేస్తే గాలి వైపు అంతా సవ్యంగా ఉన్నట్టే. తర్వాత వచ్చే తప్పులన్నీ వైర్లలోనో ప్రోగ్రాములోనో వెతుక్కోవచ్చు.

లీకులు చూడడానికి గిన్నెలు తోమే ద్రవం కలిపిన నీళ్లను బ్రష్షుతో ప్రతి అతుకు మీదా రాయాలి. కుంకుడు రసమైనా చక్కగా నురుగు కడుతుంది. బుడగలు లేస్తే ట్యూబు తీసి, కొస మళ్లీ కోసి దూర్చాలి. ఇక ట్యాంకును 6 బార్లకు నింపి గేజీ చూస్తూ కూర్చునేవారికి ఒక మాట. పంపు కొట్టినప్పుడు గాలి వేడెక్కుతుంది. అది 50 డిగ్రీల నుంచి 30కి చల్లారడంతోనే 6 బార్ల గేజీ 0.4 బార్ల వరకు దిగిపోతుంది. అది లీకు కాదు. పదిహేను నిమిషాలు చల్లారనిచ్చి, అప్పుడు ముల్లు ఉన్నచోట గుర్తు పెట్టి, అరగంట తర్వాత మళ్లీ చూడాలి. అప్పటికి 0.1 బార్ మించి దిగకపోతే నేను దానిని అంగీకరిస్తాను.

బరువు పెట్టి 4 బార్లకు పెంచాక చేయి ధడేలుమని దిగుతుంది. సిలిండర్ వెనక రంధ్రం దగ్గర ఒకవైపు మాత్రమే అడ్డుకునే ఫ్లో కంట్రోల్ వాల్వు పెట్టి, లోపలికి వెళ్లే గాలిని స్వేచ్ఛగా వదిలి, బయటికి వచ్చే గాలిని మాత్రమే బిగించాలి. దాని మరను పూర్తిగా మూసి, పావు తిప్పు చొప్పున తెరుస్తూ పోతే చేయి ఏ వేగంతో దిగితే బాగుంటుందో అక్కడ దొరుకుతుంది. లేచేటప్పుడు కూడా ఎగిరిపడుతుంటే రాడ్డు వైపు రంధ్రానికి, ఖాళీగా వదలకుండా, మర తిప్పి బిగించుకునే సైలెన్సర్ పెట్టాలి; అటువైపు గాలి వాతావరణ పీడనంలోనే ఉండడం వల్ల మొదట ఒక చిన్న కుదుపు ఉంటుంది, తర్వాత నిదానిస్తుంది. ఆ సైలెన్సర్ దుమ్మును కూడా ఆపుతుంది.

ఎత్తిన బరువు జారి పడిపోతే చేయి విల్లులా పైకి తన్నుతుంది. కాబట్టి పరీక్షలు జరుగుతున్నంతసేపు చేయి తిరిగే దారిలో ఎవరి తలా ఉండకూడదు.

సిలిండర్ గట్టిగా కదులుతోందని కొబ్బరి నూనె పోసేవారిని చూశాను. అది 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది. డిసెంబరు ఉదయం చేయి మొరాయిస్తుంది. కొత్త సిలిండర్‌కు తయారీలోనే గ్రీజు పెట్టి ఉంటుంది, ఇంకేమీ అక్కర్లేదు. దానికి నిజమైన శత్రువు నీరు. ఏడు లీటర్ల గాలిని ఒక లీటరులోకి కుక్కినప్పుడు ఆ ఏడు లీటర్లలోని తేమా అక్కడే చేరుతుంది, చల్లారగానే నీరై అడుగుకు దిగుతుంది. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు ఊళ్లలో ఇది మరీ ఎక్కువ. అందుకే ఆ రోజు పని ముగిశాక ముందుగా స్లైడ్ వాల్వు జరిపి రోబో వైపు గాలి వదలాలి, తర్వాత ట్యాంకు గాలి కూడా వదిలి ట్యాంకు మీది గేజీ, రెగ్యులేటర్ మీది గేజీ రెండూ సున్నాకు వచ్చాయని చూసుకోవాలి, అప్పుడు ట్యాంకును తలకిందులు చేసి ఆ చెంచాడు నీళ్లు కార్చేసి, నోరు తెరిచే ఉంచి రాత్రికి ఆరనివ్వాలి.